కుట్టకుండా ఆపిన పెళ్లి జోడా

టైలర్లు చెప్పే అబద్ధాలన్నీ నాకు వచ్చు. మోటారు కాలిపోయింది, లైనింగ్ గుడ్డ తడిపి ఆరేశాను, హుక్స్ అయిపోయాయి, రేపు సాయంత్రం తప్పకుండా. ఇస్నాపూర్‌లో ఇరవై ఏళ్లుగా జాకెట్లు, డ్రెస్సులు కుడుతున్నాను కాబట్టి వీటిని తడుముకోకుండా చెప్పగలను. అయితే ఒకే ఒక్క జోడా, అంటే ముస్లిం పెళ్లికూతురి డ్రెస్సు, విషయంలో మాత్రం ఈ అబద్ధాలన్నీ వరసపెట్టి వాడేశాను. బద్ధకం వల్ల కాదు. ఆ జోడా పూర్తయితే ఒక పెళ్లి జరిగిపోతుందని.

మా నాన్న గోదావరి జిల్లా నుంచి ఇక్కడి పెద్ద ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చిన మనిషి. నేను క్వార్టర్స్‌లో పుట్టి పెరిగాను. ఇంట్లో అమ్మతో ఒక తెలుగు, బయట స్నేహితురాళ్లతో ఇంకో తెలుగు. పెళ్లయ్యాక, మా ఆయన పనిచేసే చోటికి దగ్గరని ఇస్నాపూర్‌లో కిరాయికి దిగాం. ముందు గదిలో నేను మిషన్ పెట్టుకున్నాను. ఇల్లుగలావిడ ఈ ఊరి మనిషే, డెబ్బై దాటాయి, వెనక భాగంలో ఒక్కతే ఉంటుంది. నేను పెద్దమ్మా అంటాను. మేడ మీద వరసగా నాలుగు గదులు, అన్నీ ఫ్యాక్టరీ పనివాళ్లకే. ఒడిశా కుర్రాళ్లు, బీహార్ కుర్రాళ్లు వస్తూ పోతూ ఉంటారు. ఎవరు ఏ షిఫ్టుకి పోయారో, ఎవరు పోకుండా పడుకున్నారో పెద్దమ్మ కింద నుంచే చెప్పేస్తుంది.

ఏడేళ్ల కిందట నాలుగో గదిలోకి బర్మా నుంచి వచ్చిన కుటుంబం దిగింది. భార్యాభర్తలు, ఇద్దరు ఆడపిల్లలు. రోహింగ్యాలు. ఊరు కాలిపోతే పడవెక్కి, అడవుల వెంట నడిచి, ఎక్కడెక్కడో ఉండి, కొన్నేళ్లు హైదరాబాద్ అవతల వాళ్ల బస్తీలో గుడిసె వేసుకుని, చివరికి ఇక్కడ ప్లాస్టిక్ గోదాంలో పని దొరికి వచ్చారు. పెద్దమ్మ మొదట ఆధార్ అడిగింది. ఆయన జేబులోంచి జాగ్రత్తగా ఒక ప్లాస్టిక్ కవరు, అందులోంచి శరణార్థి కార్డులు తీశాడు. పెద్దమ్మ వాటిని తిరగేసి చూసి, నాకిచ్చి, "నువ్వు సూడు బిడ్డా, ఇది మనకు నడుస్తదా?" అంది. నాకూ తెలియదు. "నడుస్తుంది పెద్దమ్మా" అన్నాను.

పెద్దపిల్లకు అప్పుడు పదమూడేళ్లు. కార్డు మీద అంతే ఉంది. బడిలో ఏడో తరగతిలో చేర్చారు. ఆరు నెలల్లో ఆ పిల్ల తెలుగు చూడాలి, అచ్చం ఇస్నాపూర్ పిల్లే. "ఏందాంటీ, గీ గుడ్డముక్కలన్ని పారేస్తవా?" అంటూ షాపులోకి వచ్చింది మొదటిసారి. ఆ ముక్కలతో చెల్లెలికి దిండు కుట్టింది. తర్వాత రోజూ బడి నుంచి నేరుగా నా దగ్గరికే. హెమ్మింగ్ నేర్పాను, హుక్స్ కుట్టడం నేర్పాను. కాజాలు నాకన్నా నీటుగా తీసేది. నేను ఆ మాట ఆ పిల్లకు చెప్పలేదు, గర్వపడుతుందని.

రెండేళ్లు గడిచాయి. ఒక ఆదివారం తల్లీతండ్రీ ఇద్దరూ షాపులోకి వచ్చారు. తల్లి సంచిలోంచి ఎర్రటి సాటిన్ గుడ్డ, బంగారు రంగు లేసు తీసి బల్ల మీద పరిచింది. పెళ్లి జోడా కుట్టాలట. మేం మాట్లాడుకునేది హిందీలో, వాళ్లకూ నాకూ అది పరాయి భాషే కాబట్టి ఇద్దరికీ సుఖం.

"ఎవరి పెళ్లి? కొలతలకు పెళ్లికూతుర్ని పంపండి" అన్నాను.

"ఇక్కడే ఉంది కదా" అంది తల్లి.

మూలన ముక్కాలిపీట మీద కూర్చుని ఆ పిల్ల ఎవరిదో చీరకు ఫాల్ కుడుతోంది. తల ఎత్తలేదు. రెండు జడలకూ బడి రిబ్బన్లు ఇంకా అలాగే ఉన్నాయి.

లేచి నిలబడమని టేపు చుట్టాను. పుస్తకం తీస్తే, జూన్‌లో యూనిఫాం కోసం తీసిన కొలతలు పై పేజీలో ఉన్నాయి. అరంగుళం కూడా తేడా లేదు. నేను రాసుకున్నాను. "ఎప్పటికి కావాలి?" అన్నాను. "మూడు వారాల్లో" అన్నాడు తండ్రి. అప్పుడు మొదలుపెట్టాను నా అబద్ధాలు. ముందే ఒప్పుకున్న పెళ్లి ఆర్డర్లు ఉన్నాయని చెప్పాను. నిజానికి ఆ నెలలో నా దగ్గర ఉన్నవి రెండు నైటీలు, ఒక దిండు గలీబు.

వాళ్లు వెళ్లాక పిల్లని అడిగాను. "నీకు ఇష్టమేనా?"

"పిలగాడు మంచోడే ఆంటీ. చికెన్ సెంటర్ల పనిచేస్తడు. ఫోన్ల మాట్లాడినం" అంది. కొంచెం సిగ్గు, కొంచెం నవ్వు. తర్వాత దారం కొరుకుతూ, "శాదీ వద్దని కాదు. ఇప్పుడే వద్దు. టెంత్ అయినంక చేసుకుంట అంటే అమ్మ ఏడుస్తది" అంది.

సాయంత్రం పెద్దమ్మకు చెప్పాను. ఆవిడ తేలిగ్గా తీసేసింది. "దాంట్లేమున్నది? నాకు పన్నెండేండ్లకే లగ్గం చేసిండ్రు. సచ్చిన్నా? బతికే ఉన్న గదా."

ఆవిడ చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ మళ్లీ తనే అంది. "అత్తగారింట్ల పొద్దుగాల్నే బిందె ఎత్తుకోమంటుండ్రి. ఎత్తరాకపోతుండె. సగం నింపుకొస్తే అత్త తిడుతుండె. నిండ నింపితే నడుమ కింద పడేస్తుంటి." ఇంకో రెండు కాయలు ఒలిచింది. "మొదటి కాన్పుల పిల్ల దక్కలే. పెద్దాసుపత్రి డాక్టరమ్మ నన్ను గాదు, మా అమ్మను తిట్టింది." ఆ మాట ఇన్నేళ్లలో నాకెప్పుడూ చెప్పలేదు. తర్వాత చాట విదిలించి, "ఆ జోడా జెర లేటుగనే కుట్టు" అంది.

ఇక మా ఇద్దరిదీ ఒకటే జట్టు. తండ్రి షాపు మెట్లెక్కగానే పెద్దమ్మ బయటికొచ్చి, పైన ట్యాంకు నిండి పొర్లుతోందనో, మోటారు కట్టేయమనో ఆయన్ని తీసుకుపోయేది. ఈలోగా నేను ఎర్రగుడ్డను కింది అరలోకి తోసేదాన్ని.

మూడో వారం ఆయన కదల్లేదు. "బెహెన్‌జీ, మీరు కుట్టడం లేదు" అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. తెలిసిపోయిందన్న అలసట ఉంది.

నేను కూడా అబద్ధం ఆపేశాను. "పిల్లకు పదిహేనే. పద్దెనిమిది నిండకుండా పెళ్లి చేస్తే ఇక్కడ నేరం. కేసు పెడతారు" అన్నాను.

"వాళ్లమ్మ లెక్కలో పదిహేడు."

"కార్డులో పదిహేను."

"కార్డు రాసే రోజున ఎవరో అడిగారు, ఎవరో చెప్పారు. మా దగ్గర పిల్లలు పుట్టిన రోజు ఎవరు రాసుకుంటారు?"

నా పుట్టినరోజూ బడిలో హెడ్‌మాస్టారు వేసిందే. అమ్మ లెక్కకూ దానికీ ఎనిమిది నెలలు తేడా. ఇప్పటికీ కార్డులన్నిట్లో మాస్టారి తేదీయే ఉంది, నేను దానికే అలవాటుపడ్డాను.

ఆయన స్టూలు మీద కూర్చున్నాడు. నెమ్మదిగా చెప్పాడు. "మా ఊళ్లో పెళ్లి చేసుకోవాలంటే సర్కారు కాగితం కావాలి, బెహెన్‌జీ. మాకు మాత్రమే. పెద్దవాళ్లయినా సరే. నేను మూడేళ్లు తిరిగాను ఆ కాగితం కోసం. ఫొటోకి గడ్డం తీసెయ్యమన్నారు, తీసేశాను. మా ఆవిడను తలమీద కొంగు తీసి నిలబడమన్నారు. కాగితం లేకుండా చేసుకున్న మా తమ్ముడు జైలుకు పోయాడు. ఈ దేశానికి వచ్చాక ఒక్కటే అనుకున్నాను, నా కూతురి పెళ్లికి ఎవర్నీ అడగనక్కర్లేదని. ఇక్కడా సర్కారేనా?"

అక్కడి సర్కారు పెద్దవాళ్లను కూడా పెళ్లి చేసుకోనివ్వలేదు, ఇక్కడి సర్కారు పిల్లలకు మాత్రమే వద్దంటోంది, రెండూ ఒకటి కాదు అని చెప్పాలని ఉంది. నా హిందీ అంత దూరం పోదు. పోయినా, మూడేళ్లు తిరిగిన మనిషికి ఆ తేడా చెప్పడానికి నాకు నోరు రాలేదు.

చివరికి, "మీ ధర్మం ఏం చెబుతుందో ఖాజీగారినే అడుగుదాం, పదండి" అన్నాను.

మర్నాడే షేర్ ఆటోలో పటాన్‌చెరు పోయాం. ఆయన, నేను. ఖాజీగారు ఇంటి ముందు గదిలో చిన్న ఆఫీసు పెట్టుకున్నారు. తెల్లటి గడ్డం, ముక్కు మీద కళ్లజోడు, పక్కన రిజిస్టర్లు. నాకు ప్లాస్టిక్ కుర్చీ వేయించి, "మీరెవరమ్మా?" అన్నారు.

"టైలర్నండీ" అన్నాను. ఆయన నన్ను ఒకసారి, తండ్రిని ఒకసారి చూసి ఇంకేమీ అడగలేదు.

తండ్రి విషయం చెప్పాడు. ఖాజీగారు కార్డు తీసుకుని లైటు కింద పట్టి చదివారు. "భాయ్, మన షరియత్ ప్రకారం పిల్ల ఈడేరితే నిఖా చేయొచ్చు, నువ్వు చెప్పింది తప్పు కాదు" అన్నారు. తండ్రి నా వైపు చూశాడు, గెలిచినట్టే. ఖాజీగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "కానీ ఈ పుస్తకం నాది కాదు, సర్కారు ఇచ్చింది. ఇందులో వయసు రాయాలి. పదిహేను అని రాయలేను, పద్దెనిమిది అని అబద్ధం రాయలేను. అల్లా ముందు కూడా అబద్ధం అబద్ధమే కదా."

"మేం ఈ దేశం వాళ్లం కాదు. మాకు మీ పుస్తకం ఎందుకు?" అన్నాడు తండ్రి.

"ఈ దేశంలో నీ కూతురు బడికి పోతోంది. జ్వరమొస్తే ఆసుపత్రికి తీసుకుపోతావు. రేపు అల్లుడు వదిలేస్తే ఎక్కడికి పోతావు? నా పుస్తకంలో పేరుంటే కోర్టు మెట్లెక్కుతుంది. లేకపోతే మెట్ల దగ్గరే ఆపేస్తారు" అన్నారు ఖాజీగారు. తర్వాత మాకు టీ తెప్పించారు. అల్లం బాగా వేసిన టీ. తండ్రి ముట్టుకోలేదు. అలాగే వదిలేస్తే బాగుండదని ఆయన వంతు కూడా నేనే తాగాను.

తిరుగు ఆటోలో ఆయన ఒక్క మాటే అన్నాడు. హైదరాబాద్ అవతల వాళ్ల బస్తీలో పుస్తకం లేకుండా నిఖా చదివే మౌల్వీ ఉన్నాడట. శుక్రవారం అక్కడికి పోతారట.

ఆ రోజు సోమవారం. మా వీధి అంగన్‌వాడీ టీచర్‌ని అడిగితే, "ఇంకేం చూస్తున్నవ్, పిల్లల హెల్ప్‌లైన్‌కు ఫోన్ కొట్టు" అంది. ఫోన్ చేతిలోకి తీసుకున్నాను, నంబరు నొక్కలేదు. పోలీసులు వస్తే పెళ్లి ఆగుతుంది. తర్వాత వాళ్ల కార్డులు తిరగేస్తారు. ఎక్కడికి పంపుతారో, ఏం చేస్తారో నాకు తెలియదు. గురువారం వరకు చూద్దాం, అప్పటికీ ఆగకపోతే ఫోన్ చేద్దాం అని మా ఆయనతో అన్నాను. ఆ నిర్ణయం సరైనదేనా అని ఇప్పటికీ కచ్చితంగా చెప్పలేను.

తల్లి దగ్గరికి మేడ మీదికి వెళ్లాను. అన్నం వార్చుతోంది. అడగక ముందే చెప్పింది. "నేనూ ఆయనా గోదాంకి పోతాం. గదుల్లో అంతా మగపిల్లలే. మెట్ల మీద ఎవరు కూర్చున్నారో అని నాకు పనిలో చెయ్యి ఆడదు. పెళ్లయితే పిల్లకు ఒక ఇంటి నీడ ఉంటుంది కదా."

పెద్దమ్మ నా వెనకే మెట్లెక్కి వచ్చింది, మోకాళ్లు పట్టుకుంటూ. విషయం తెలుగులో చెప్పాను. "గింతేనా? బడి ఇడిశినంక పిల్ల నా తాన్నో టైలరమ్మ తాన్నో ఉంటది. మీరొచ్చినంకనే పైకి వస్తది. ఎవడన్న మెట్ల మీద కూసుంటే కాళ్లిరగ్గొడ్త" అంది. నేను హిందీలోకి మార్చాను, కాళ్లు విరగ్గొట్టడంతో సహా. తల్లి మొదటిసారి నవ్వింది. కానీ శుక్రవారం మాట మాత్రం మారలేదు.

మార్చింది పిల్లే. బుధవారం పెళ్లికొడుకే మా షాపుకి వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, ఇరవై ఒకటి ఉంటాయి. చేతిలో నల్లకవరు. అందులో కేజీ చికెన్, స్కిన్‌లెస్. నాకోసమట. "ఆంటీ, ఆమె ఫోన్ చేసి చెప్పింది. ఇప్పుడు చేసుకుంటే నన్ను జైల్లో పెడతారంట, నిజమేనా?" అన్నాడు హిందీలో.

మూలన పిల్ల నావైపు చూడకుండా కాజా తీస్తోంది.

"నిజమే. నిన్నూ, మీ అమ్మానాన్ననీ, నిఖా చదివిన వాళ్లనీ" అన్నాను.

అతను నల్లకవరు బల్ల మీద పెట్టేశాడు. "కార్డు పోతుందా?"

"అది నాకు తెలియదు బాబూ."

అతను కాసేపు గోడకు తగిలించిన బ్లౌజు డిజైన్ల క్యాలెండర్ చూశాడు. తర్వాత పిల్లతో వాళ్ల భాషలో ఏదో అన్నాడు. పిల్ల ఏదో అంది. ఇద్దరూ నవ్వారు. "నేను ఆగుతాను ఆంటీ. అమ్మకు నేను చెప్తా" అని వెళ్లిపోయాడు. ఏమన్నాడే అంటే, "మూడేండ్ల దాక రోజు ఫోన్ చేయమంటే రీచార్జ్ ఎవలు చేస్తరు అన్నడు" అంది.

శుక్రవారం ప్రయాణం ఆగింది. రెండు కుటుంబాలు కూర్చుని మాట ఖాయం చేసుకున్నాయి, పద్దెనిమిది నిండాక నిఖా అని. ఎవరి లెక్కలో పద్దెనిమిది అనే దగ్గర మళ్లీ పేచీ వచ్చింది. తల్లి లెక్కలో ఏడాది చాలు. తండ్రే ఆఖరికి, "ఖాజీ పుస్తకం కార్డునే చూస్తుంది" అని విసుగ్గా ఒప్పుకున్నాడు. నేను ఆ రాత్రి చికెన్ వండి పెద్దమ్మకూ పంపాను. ఏదో సాధించానన్న ధీమాతో రెండు రోజులు మా ఆయన్ని వేపుకు తిన్నాను.

ఆ ధీమా పది నెలలే.

పిల్ల టెంత్‌లో ఉండగా, చలికాలం మొదట్లో, అబ్బాయి తల్లి ఇంకో సంబంధం చూసి చేసేసింది. కొడుకు కాదన్నాడో, అవునన్నాడో మాకు తెలియలేదు. ఫోన్ ఎత్తడం మానేశాడు. ఆ కొత్త పెళ్లికూతురి వయసెంతో ఎవరూ అడగలేదట. పుస్తకం లేని నిఖానే.

పిల్ల షాపులోకి వచ్చి నిలబడింది. "నీ వల్లనే ఆంటీ. నువ్వు జోడా కుట్టి ఇచ్చుంటే నాకు గిట్ల అయ్యేదా?" అంది. ఏడవలేదు. అదే నాకు కష్టంగా అనిపించింది. "నువ్వే కదే ఇప్పుడే వద్దన్నావు" అని నోటిదాకా వచ్చింది. మింగేశాను. ఆగాలనుకున్నది ఆ పిల్లే, ఆగినందుకు పోగొట్టుకున్నదీ ఆ పిల్లే. నేను పోగొట్టుకున్నదేమీ లేదు.

ఇరవై రోజులు రాలేదు. తండ్రి మెట్లు దిగుతూ నన్ను చూసి తల తిప్పుకునేవాడు. నాకు హెమ్మింగ్ పని పేరుకుపోయింది. పెద్దమ్మ మాత్రం, "ఏడ్వనియ్ బిడ్డా. పిలగాడు పోయినందుకు ఏడుస్తుంది, పిల్ల పోయినందుకు గాదు" అంది. ఆవిడ ఏ పిల్ల గురించి అందో నాకు తెలుసు.

ఇరవై ఒకటో రోజు బడి నుంచి నేరుగా వచ్చి, బ్యాగు కింద పడేసి, కింది అరలోంచి ఎర్రసాటిన్ తానే తీసింది. "అమ్మను అడిగిన. ఏమన్న చేస్కోమన్నది" అంటూ బల్ల మీద పరిచి చాక్‌పీసు పట్టింది. చెల్లెలికి పండక్కి గౌను. నేను కత్తెర ఇచ్చి పక్కకు జరిగాను. సాటిన్ జారిపోతుంది, కొత్తవాళ్లకు కటింగ్ కష్టం. చేతి దగ్గర వంకర పోయింది. "సూస్తున్నవ్ గదా, చెప్పవేంది?" అని నన్ను కసిరింది. సంధి కుదిరిందని అర్థమైంది.

మార్చిలో టెంత్ రాసింది. లెక్కల్లో గట్టెక్కింది, తెలుగులో మాత్రం క్లాసులో మూడోది. ఆ తర్వాత చదువు సాగలేదు. కాలేజీలో ఏ కాగితం ఇచ్చినా ఇంకో కాగితం అడిగారు. తండ్రి రెండు నెలలు తిరిగాడు, గోదాంలో రోజులు పోగొట్టుకుని మరీ. పెళ్లి ఆపమన్న నేను కాలేజీ దగ్గర ఏమీ చేయలేకపోయాను. ఆ పిల్ల రోజంతా నా షాపులోనే కూర్చుని, రెండో మిషన్ మీద నాతో సమానంగా కుట్టడం మొదలుపెట్టింది.

కార్డు లెక్కలో పద్దెనిమిది దాటాక సంబంధాలు మళ్లీ వచ్చాయి. ఈసారి వచ్చిన ప్రతివాడినీ షాపులోనే కూర్చోబెట్టి మాట్లాడేది, తండ్రి బయట బెంచీ మీద ఉండగా. ఒకతన్ని, మీ చెల్లెల్ని బడి మాన్పించారా అని అడిగితే అవునన్నాడు. ఇంకొకతన్ని, ఇంట్లో మిషన్ పెట్టుకోనిస్తావా అంటే, ఆడవాళ్లకు ఎందుకు అన్నాడు. ఇద్దరినీ టీ అయినా ఇవ్వకుండా పంపేసింది. మూడో అతను మొబైల్ రిపేర్లు చేస్తాడు. అదే ప్రశ్నకు, "పెట్టుకో, కానీ నా టేబుల్‌కి లైటు అడ్డం రాకూడదు" అన్నాడట. అతనికి బిస్కెట్లు కూడా పెట్టింది.

పోయినేడు నిఖా మేడ మీద జరిగింది. పటాన్‌చెరు నుంచి ఆ ఖాజీగారే వచ్చారు. నన్ను గుర్తుపట్టి, "టైలర్ అమ్మా, బాగున్నారా?" అన్నారు. వయసు అడిగే లోపే పిల్ల తెర వెనక నుంచి పుట్టిన తేదీ, నెల, సంవత్సరం గడగడా చెప్పింది. తల్లి నా చెవిలో, "నా లెక్కలో ఇరవై ఒకటి" అని గొణిగింది. తండ్రి రిజిస్టరులో సంతకం చేసి, ఖాజీగారి చేతులు రెండూ పట్టుకుని చాలాసేపు వదల్లేదు. నాతో ఆయన ఆ పాత విషయం ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. పెద్దమ్మ మొదటి పంక్తిలోనే కూర్చుని సేమియా రెండుసార్లు వేయించుకుంది.

ఆ పిల్ల ఇప్పుడు ముత్తంగి వైపు ఒక గదిలో ఉంటోంది. మొగుడి టేబుల్ ఒక కిటికీ కింద, తన మిషన్ ఇంకో కిటికీ కింద. పోయిన నెల నా పాత కస్టమర్లు ఇద్దరు వరసగా రాలేదు. దారిలో కనపడితే అడిగాను. మెడ ఫినిషింగ్ అక్కడ బాగుంటోందట, పైగా చెప్పిన రోజుకే ఇస్తోందట.